కిటికీ మీద జానెడు

పెద్ద వరద వచ్చిన పదకొండో ఏడు జరిగింది ఇది. ఏటి ఒడ్డు అద్దె ఇళ్ళలో ఎవరూ సంవత్సరాన్ని అంకెల్లో చెప్పరు. ఫలానా పిల్ల పుట్టింది వరదకి ముందు రెండో ఏడు అంటారు. రెండో బ్లాకు మెట్లు బీటలిచ్చింది వరద తర్వాత ఐదో ఏడు అంటారు. ఇది పదకొండో ఏడు.

ఆ ఇళ్ళు గృహ సంస్థవి. మొత్తం ఐదు బ్లాకులు. ఏటికి మొహం పెట్టి ఉన్నవి రెండోది, మూడోది. ఐదింటికీ నీళ్ళు వదిలే మనిషి ఒక్కడే. ముప్ఫై ఏళ్ళు పంపు పక్కన గడిపేసరికి అతని అసలు పేరు సంస్థ రిజిస్టరులో తప్ప ఎక్కడా మిగల్లేదు. అందరికీ పంపయ్యే. అతని నోరు కూడా ఆ పంపు లాంటిదేనని, నాలుగు సార్లు తడితే గాని ఒక్క చుక్క రాదని బిందెలు పట్టుకుని నిలబడ్డ ఆడవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

పంపయ్య మూడో బ్లాకులో కింది ఇంట్లో ఉంటాడు. పెళ్ళాం పోయి నాలుగేళ్ళయింది. ఎదురుగా రెండో బ్లాకు కింది వరసలో నాలుగో ఇల్లు అతని అక్కది. తల్లి పోయినప్పుడు పంపయ్యకి రెండేళ్ళు. ఆ అక్కే చంకనేసుకుని పెంచింది. వాణ్ణి వదిలి రానని రెండు సంబంధాలు చెడగొట్టుకుంది. చివరికి చేసుకున్నవాడు మూడేళ్ళకే చచ్చిపోయాడు. పిల్లల్లేరు. తమ్ముడే కొడుకు, తమ్ముడే దిక్కు. అలాంటి తమ్ముడితో ఆవిడ మంచిగా మాట్లాడి పదకొండేళ్ళయింది.

కారణం ఒక గీత.

వరద తీశాక సాయం పంచడానికి కొలతలాయన వచ్చాడు. గోడ మీద నీటి మరక ఎంతవరకు ఉందో కొలిచి పుస్తకంలో రాసుకుంటాడు. నీళ్ళు కిటికీ గడప దాటిన బ్లాకులో కింది ఇళ్ళకి కొత్త తలుపు, ఇనప మంచం, స్టవ్వు. దాటకపోతే ఇంటికో రగ్గు. పొద్దున రెండో బ్లాకు కొలిచాడు. దాటలేదు. రగ్గు అని రాసి, అక్కడికక్కడే ఇంటికొకటి ఇచ్చాడు. అన్నం తిని మూడో బ్లాకుకి వస్తానని వెళ్ళాడు. మూడో బ్లాకులోనూ నీళ్ళు గడపకి జానెడు కిందే ఆగాయి. లోపల పంపయ్య పెళ్ళాం ఒళ్ళు కాలిపోయే జ్వరంతో తడి చాప మీద పడి ఉంది. పంపయ్య పంపు గదిలోంచి ఎర్ర రంగు డబ్బా తెచ్చాడు. పాత మరక మీద బురద పూశాడు. గడపకి జానెడు పైన, ఈ మూల నుంచి ఆ మూలకి, గీత లాగాడు. ‘వరద నీటి మట్టం’ అని పక్కన రాశాడు. డబ్బా పట్టుకుని నిలబడింది అక్కే.

గీత అయ్యాక ఆవిడ తన బ్లాకుకీ గియ్యమంది. కొలతలాయన దాన్ని అప్పటికే పుస్తకం ఎక్కించేశాడని పంపయ్య చెప్పాడు. అది నిజం. కానీ ఆవిడ చెవికెక్కలేదు. నాకు రగ్గు రాసిందాకా నోరు మూసుకుని కూర్చుని, నీ దాకా వచ్చేసరికి నీకు తెలివి పుట్టిందా అంది. అదీ నిజమే. ఆవిడ చేతిలో రగ్గు చూశాకే అతనికి ఆ ఆలోచన వచ్చింది.

ఆ రగ్గు ఆవిడ ఒక్క రోజు కూడా కప్పుకోలేదు. ఏటా వరద నీళ్ళొచ్చిన రోజు దాన్ని తీసి తమ్ముడి కిటికీకి ఎదురుగా తీగ మీద ఆరేసేది. పంపయ్య పెళ్ళాం పోయిన రోజు కూడా వచ్చింది గాని, దొంగ తలుపులోంచి అడుగు పెట్టనని గుమ్మం బయటే నిలబడింది. శవాన్ని బయటికి తెచ్చాకే చూసింది.

పంపయ్య రోజూ ఆరింటికి పంపు వేసేవాడు. ముందు రెండో బ్లాకు వాల్వు తిప్పేవాడు. ఐదు నిమిషాలు ఆగి మూడో బ్లాకుది తిప్పేవాడు. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు. అక్క మోకాళ్ళు మంచివి కావు, వరసలో నిలబడలేదు. మిగతా వాళ్ళు రాకముందే ఆవిడ బిందె నిండాలి. పదకొండేళ్ళూ నిండింది. ఎందుకు నిండుతోందో ఆవిడ అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ ఏడు సంస్థకి కొత్త డైరెక్టరమ్మ వచ్చింది. ఆవిడ వచ్చిన మూడో నెలలో ఏటికి గోడ కట్టాలని పైనుంచి ఉత్తర్వు దిగింది. గోడకి, దాని వెనక పంపుల గదికి చోటు కావాలి. రెండో బ్లాకో మూడో బ్లాకో ఒకటి పడగొట్టాలి. రెండిటి వయసూ ఒకటే, ఇళ్ళూ అన్నే. ఒక్కో దాంట్లో నలభై కుటుంబాలు. ఎవరి మీద గొడ్డలి వెయ్యాలో తేల్చే పని డైరెక్టరమ్మ మీద పడింది.

ఆఫీసులో ఏఐ ఉంది. అంతకు ముందు గుమాస్తా ఒక పూట సొంత తెలివి వాడి ‘ఏ బ్లాకు పడగొట్టాలి’ అని దాన్ని అడిగాడు. అందరితో మాట్లాడండి, అందరి బాధా వినండి అని అది మూడు పేజీలు తియ్యగా చెప్పింది. డైరెక్టరమ్మ అది చదివి, ఊరికే అడిగితే ఊరికే చెప్తుంది, అడగడం రావాలి అంది. బోర్డు మీద ఆరు గళ్ళు గీసింది. నువ్వు ఎవరి పక్షమూ కాని పాత గృహాధికారివి అని మొదటి గడిలో రాసింది. రెండో గడిలో తేల్చాల్సింది ఏమిటో రాసింది. మూడో గడిలో తెలిసిన సంగతులన్నీ, ఒక్కోదాన్ని ఎవరు కొలిచారో ఎప్పుడు కొలిచారో. నాలుగో దాంట్లో లెక్కలోకి తీసుకోకూడనివి: ఎవరు గట్టిగా అరిచారు, ఎవరు ఎవరికి చుట్టం. ఐదులో తెలియనివి. ఆరో గడిలో ఒక్కటే ప్రశ్న. ఏ ఒక్క సంగతి తప్పైతే నీ జవాబు తిరగబడుతుంది?

గొట్టాల సంగతి సరిచూడటానికి పంపయ్యని పిలిచారు. అతను గుమ్మం దగ్గర నిలబడి ఆ గళ్ళు చూశాడు. పంపు నీళ్ళు లాగకపోతే తనూ ఇదే చేస్తాడు. ముందు కరెంటు, తర్వాత గొట్టం అడుగున ఫుట్‌వాల్వు, తర్వాత లోపల గాలి. ఒకటొకటి పక్కన పెట్టుకుంటూ పోతే తప్పు ఎక్కడుందో అదే బయటపడుతుంది. ఈ మనిషికి పంపు అప్పగించినా నడుపుతుంది అనుకున్నాడు. అతను మెచ్చుకున్న అధికారి ఆవిడొక్కతే.

గుమాస్తా ఆరు గళ్ళూ ఏఐలోకి కొట్టాడు. జవాబు పైకి చదివాడు. మూడో బ్లాకు పడగొట్టాలి. వరదలో దాని గోడ కిటికీ దాటి నానింది, ఇంకో వరదకి నిలబడదు. ఆరో గడికి జవాబు కూడా చదివాడు. మూడో బ్లాకు వరద గీత తప్పైతే పడగొట్టాల్సింది రెండో బ్లాకు, దాని మెట్ల శ్లాబు బీటలిచ్చింది. ఆ గీతని మనిషి మాట మీద కాకుండా గోడ మీద సరిచూసుకోవాలి.

డైరెక్టరమ్మ కళ్ళజోడు తీసి పంపయ్య వైపు తిరిగింది.

“గీత ఎవరు గీశారు?”

“నేనేనమ్మా.”

“నీళ్ళు అక్కడిదాకా వచ్చాయా?”

పంపయ్య బోర్డు వంక చూశాడు. ఒక పక్క మూడు, ఒక పక్క రెండు. మూడులో తన ఇల్లుంది. పెళ్ళాం పోయిన మంచం ఉంది, ఆవిడ బొట్టు అంటించిన అద్దం ఉంది. రెండులో మోకాళ్ళు లేవని అక్క ఉంది. ఖాళీ చేసిన వాళ్ళని ఎక్కడికి తోలతారో అతనికి తెలుసు. చెత్త గుట్టల అవతల రేకుల షెడ్లు. అక్కడ గొట్టాలు వేయడానికి పోయినవాడు తనే. నలభై కుటుంబాలకి రెండు కుళాయిలు. నీళ్ళ కోసం అరమైలు నడక. ఇళ్ళు తర్వాత కడతారట. ఎప్పుడో ఎవరూ రాయలేదు.

“వచ్చాయమ్మా,” అన్నాడు.

డైరెక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. “మీ ఇల్లే పోతుంది. తన ఇల్లు పోయేలా ఎవరూ అబద్ధం చెప్పరు,” అని మూడో గడిలో గీత పక్కన టిక్కు పెట్టింది. గోడ దగ్గరికి వెళ్ళలేదు. వారం తర్వాత కమిటీ సంతకాలు చేసేదాకా బయట ఎక్కడా అనొద్దని ఇద్దరికీ చెప్పింది.

పంపయ్యకి అది చెప్పక్కర్లేదు. గుమాస్తాకి మాత్రం కడుపులో మాట ఆగదు. సగం చెప్పాడు. ఏదో బ్లాకు వాళ్ళకి వేరే చోట ఇళ్ళట అన్నాడు. ఆ సగం మాట మెట్లెక్కి దిగేసరికి దానికి లిఫ్టు వచ్చింది, ఇంటికి రెండు కుళాయిలు వచ్చాయి. వరద గీత ఎవరిది ఎక్కువుంటే వాళ్ళకే కొత్త ఇళ్ళని నాలుగో రోజుకి కుళాయి దగ్గర తేలిపోయింది.

ఐదో రోజు పొద్దున అక్క బిందె నింపుకుని ఇంటికి పోలేదు. పంపు గది ముందుకొచ్చి నిలబడింది.

“కొత్త ఇల్లట కదా నీకు. తలుపు పాతబడిందా?”

పంపయ్య స్పానరు కింద పెట్టాడు. “ఇల్లు కాదక్కా అది.”

“ఆనాడూ ఇంతే అన్నావు. తలుపే కదా అక్కా అన్నావు. మంచం సంగతి చెప్పావా? స్టవ్వు సంగతి చెప్పావా?”

“రేకుల షెడ్డు. నీళ్ళుండవు. నేను చూశాను.”

“చూసొచ్చావా అప్పుడే? గదులు కొలుచుకుని కూడా వచ్చుంటావు,” అంది. ఈసారి తను డబ్బా పట్టుకుని నిలబడనంది. ఆఫీసుకి పోయి ఆ గీత పుట్టుక మొత్తం చెప్పేస్తానంది. ఇన్నాళ్ళూ కడుపున పెట్టుకుని పెంచిన పాపానికి నోరు నొక్కుకున్నాను, ఇక చాలు అంది.

పంపయ్య చెప్పాల్సింది ఒక్క ముక్కే. గీత అబద్ధమైతే పోయేది నీ ఇల్లు. అది బయట అనొద్దని డైరెక్టరమ్మ అంది, నిజమే. కానీ అతని నోరు ఆగింది అందుకు కాదు. ఆ ముక్క చెప్తే, నీ కోసం నా ఇల్లు వదులుకున్నాను అని చెప్పినట్టు. అలాంటి మాట అతను పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ అనలేదు. పెళ్ళాంతో కూడా అనలేదు.

“ఆఫీసుకి పోకు,” అన్నాడు.

“ఎందుకు పోకూడదు?”

“పోకు అక్కా. నా మాట విను.”

“నీ మాటా,” అని ఆవిడ నవ్వింది. బిందె అక్కడే వదిలేసి, మోకాళ్ళు పట్టుకుంటూ ఆఫీసు వైపు నడిచింది. ఆ బిందె అతనే మోసుకెళ్ళి ఆవిడ గుమ్మంలో పెట్టాడు. వెనకాలే పరిగెత్తి ఇంకో నాలుగు మాటలు అనుంటే సరిపోయేది. అనలేదు. మూడో బ్లాకుకి వాల్వు తిప్పే వేళయింది, వెళ్ళి తిప్పాడు.

ఆఫీసులో ఏం జరిగిందో మధ్యాహ్నం గుమాస్తా చెప్పాడు. ఆవిడ కుర్చీ ఇచ్చినా కూర్చోలేదట. రంగు డబ్బా దగ్గర్నుంచి బురద పూయడం దాకా అన్నీ చెప్పిందట. ఎంత పైకి గీశాడమ్మా అంటే చెయ్యి చాపి జాన చూపించిందట. వేలిముద్ర వెయ్యమంటే రెండు సార్లు వేసిందట, ఒకటి సరిగ్గా పడలేదేమోనని. ఇప్పుడు మా బ్లాకుకే వస్తుందా అని అడిగిందట. డైరెక్టరమ్మ ముందు గోడ చూడాలని ఇంజనీరుని పిలిచి, పదండి గోడ దగ్గరికి అందట.

గోడ దగ్గర జరిగింది పంపయ్య కళ్ళారా చూశాడు. ఇంజనీరు సుత్తితో గీత కింద సున్నం పెచ్చు ఊడగొట్టాడు. లోపల ఉప్పు తేలిన తెల్ల చార ఉంది. గీతకి, చారకి మధ్య చెయ్యి పెట్టి చూశాడు. కిటికీ గడప మధ్యలో పడింది. గడపకి పైన జానెడు, కింద జానెడు. అక్క ఎదురింటి మెట్ల మీద కూర్చుని చూస్తోంది.

సాయంత్రం నాలుగింటికి డైరెక్టరమ్మ పంపయ్యని పిలిపించింది. బోర్డు మీద టిక్కు చెరిపేసి ఉంది. జవాబు తిరగబడింది. కమిటీ కూడా ఫోనులోనే సరేనంది.

“మీ ఇల్లు పోతుందని తెలిసీ అబద్ధం చెప్పారు. ఎందుకు?”

పంపయ్య టిక్కు చెరిపిన గడి వంక చూశాడు.

“నేనే తప్పు చేశాను. ఐదో గడిలో మీ పేరు రాయాల్సింది. తెలియనివి అన్న దాంట్లో,” అంది ఆవిడ. గొంతు పెంచలేదు. అతని సంగతి కూడా ఆరు గళ్ళలో పెట్టి అడిగానని చెప్పింది. తీసెయ్యాలి, కానీ గొట్టాల దారి ఇంకెవరికీ తెలియదు కాబట్టి రెండో బ్లాకు ఖాళీ అయ్యేదాకా ఉంచుకుని తీసెయ్యాలి అని వచ్చిందట. అప్పుడు మూడో బ్లాకులో ఇల్లు కూడా అప్పగించాలి. అది ఉద్యోగంతో వచ్చిన ఇల్లు. అలా ఇల్లూ ఉద్యోగమూ రెండూ ఒక్క వాక్యంలో పోయాయి.

“నోటీసు రేపు పొద్దున మీరే అంటించాలి. చదవడం రానివాళ్ళకి చదివి వినిపించాలి. పూర్తిగా,” అంది.

నోటీసు ఒక్కటే కాగితం. పై సగంలో ముప్ఫై రోజుల్లో ఖాళీ చెయ్యాలి, ఫలానా చోట షెడ్లు అని ఉంది. కింది సగంలో కారణాలు. డైరెక్టరమ్మది దాపరికం లేని పద్ధతి. ఏ సంగతి వల్ల తీర్మానం మారిందో జనానికి తెలియాలని అదీ అచ్చు వేయించింది. ‘రెండో బ్లాకు కింది వరస నాలుగో ఇంటి ఆవిడ స్వయంగా వచ్చి ఇచ్చిన వాంగ్మూలం వల్ల’ అని ఉంది.

పంపయ్య ఇంటికొచ్చి కాగితాన్ని ఇనప మంచం మీద పరిచాడు. కూడబలుక్కుని రెండు సార్లు చదివాడు. ఎనభై కళ్ళు ఆ వాక్యం మీద పడితే అక్కని బతకనివ్వరు. షెడ్డులో కుళాయి దగ్గర జుట్టు పట్టుకుంటారు. కింది సగం పైకి మడిచాడు. మడత మీద గోరుతో గట్టిగా గీశాడు. పొద్దున్నే బ్లేడుతో కోసేస్తే సరి. గోడకి పైసగం చాలు. డైరెక్టరమ్మ చూస్తే చూసింది, ఇంక తీయడానికి ఏం మిగిలింది. మడిచిన కాగితం, బ్లేడు కలిపి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

తెల్లారి ఆరు కాకముందే జిగురు డబ్బా తీసుకుని రెండో బ్లాకు గోడ దగ్గరికి వెళ్ళాడు. అక్క అప్పటికే తయారుగా ఉంది. తలదువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని మెట్ల మీద కూర్చుంది. పక్కన రెండు మూటలు కట్టి ఉన్నాయి. అటకమీది గిన్నెలు కూడా దింపేసింది. రగ్గు మడత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది.

“మా బ్లాకేనా?” అంది.

“ఆఁ.”

ఆవిడ మొహం విప్పారింది. పైనుంచి ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు తొంగి చూశారు. అక్క వాళ్ళకి వినబడేలా, చూశారా ఎవరి వల్ల వచ్చిందో అంది. పంపయ్య గోడకి జిగురు పూశాడు. జేబులోంచి కాగితం తీశాడు. రెండో చేత్తో బ్లేడు తీశాడు. అంచు మడత మీద ఆనించాడు.

“ఒరే,” అంది అక్క. “ఇప్పటికైనా తెలిసిందా? దొంగసొమ్ము అరగదురా. నీ పెళ్ళాం ఆ దొంగ మంచం ఎక్కింది, లేచిందా మరి? ఆ మంచమే మింగింది దాన్ని.”

పదకొండేళ్ళలో ఆవిడ తలుపుని తిట్టింది, స్టవ్వుని తిట్టింది, తమ్ముణ్ణి తిట్టింది. పోయినదాన్ని ఎప్పుడూ తీసుకురాలేదు. ఇవాళ సంబరంలో నోరు జారింది. జారిందని ఆవిడకే తెలిసినట్టుంది, రగ్గు అంచు సవరించుకుంది.

పంపయ్య చెయ్యి ఆగింది. బ్లేడు జేబులో వేసుకున్నాడు. మడత విప్పి, కాగితం మొత్తం గోడకి అంటించి, అరచేత్తో పైనుంచి కిందికి రాశాడు.

“చదవరా, ఏం రాశారో. ఎన్ని గదులట?” అంది అక్క.

చదివాడు. పంపయ్య గొంతు అంతసేపు వినబడటం అక్కడెవరూ ఎరగరు. ముప్ఫై రోజులు అని చదివాడు. చెత్త గుట్టల అవతల రేకుల షెడ్లు అని చదివాడు. పైన ఆడవాళ్ళ మాటలు ఆగిపోయాయి. మెట్లు దిగి వస్తున్నారు. పంపయ్య ఆగలేదు. కారణాలు చదివాడు. ఇంటి నంబరు దగ్గర గొంతు తగ్గించలేదు, పెంచలేదు. వాంగ్మూలం వల్ల అన్న మాటతో కాగితం అయిపోయింది.

అక్క ఒళ్ళో రగ్గు దగ్గరికి లాక్కుంది. మెట్ల మీది ఆడవాళ్ళు ఆవిడ వంక చూస్తున్నారు.

“నీకు ముందే తెలుసా?” అంది అక్క. 

“తెలుసు.”

“అందుకేనా పోవద్దన్నావు?”

పంపయ్య జిగురు డబ్బాకి మూత బిగించాడు. ఆవిడ రగ్గు మీద చేతులు పెట్టుకుని, మళ్ళీ ఒకసారి చదవమంది, చిన్నగా. అతను మళ్ళీ మొదటినుంచి చివరిదాకా చదివాడు. రెండోసారి చదివేటప్పటికి నలభై ఇళ్ళ వాళ్ళూ కిందికి దిగారు.

తర్వాత పంపు గదికి వెళ్ళాడు. ఆరయింది. మోటారు వేశాడు. చెయ్యి అలవాటుగా రెండో బ్లాకు వాల్వు మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాడు. ముందు మూడో బ్లాకుది తిప్పి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తే, అక్క ఖాళీ బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వచ్చింది. కుళాయి తిప్పింది. రాలేదు. చుట్టూ ఆడవాళ్ళు మూగుతున్నారు. ఆవిడ పంపు గది వైపు తిరిగి నిలబడింది.

పంపయ్య ఐదు నిమిషాలూ కూర్చునే ఉన్నాడు.